సెల్మా ఆవులు, మా జేబులు

మా ఊరి పోలీసులకు తుపాకి ఎలా కాల్చాలో నేర్పింది సార్జెంట్ హార్లన్ వాస్. కాల్చాక ఏం చెయ్యాలో నేర్పినవి మాత్రం సెల్మా థోర్సన్ గారి ఆవులు.

ఆల్డర్ క్రీక్ లాంటి చిన్న ఊరికి సొంత ఫైరింగ్ మైదానం ఎక్కణ్ణించి వస్తుంది? సెల్మా గారి పచ్చిక బయలు చివర ఒక పాత కంకర గొయ్యి ఉంది. దాని వెనక ఎత్తైన మట్టి గట్టు. ఎంత కాల్చినా తూటా గట్టులోకే పోతుంది తప్ప బయటికి పోదు. మేం అక్కడ సాధన మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఆమె ఆవు ఒకటి మేత మానేసి పడుకుంది. గడ్డిలో పడి ఉన్న మా ఖాళీ తూటా తొడుగు మింగే పడుకుందని సెల్మా గారి నమ్మకం. పశువుల డాక్టరు అంత గట్టిగా చెప్పలేకపోయాడు గాని, ఆమె ముందు కాదనే ధైర్యం కూడా చెయ్యలేదు. మా విస్కాన్సిన్‌లో పాడి రైతులు ఆవు చేత చిన్న అయస్కాంతం మింగిస్తారు. మేకులూ తీగముక్కలూ లోపలికి పోయినా కడుపులో దానికే అతుక్కుని పడుంటాయి. మా తొడుగులు ఇత్తడివి, ఇత్తడి అయస్కాంతానికి అంటదు. అందుకని ఆమె ఒకటే షరతు పెట్టింది. గడ్డిలో ఒక్క ఇత్తడి ముక్క కనిపించినా మేం ఇంకో గొయ్యి చూసుకోవాల్సిందే.

హార్లన్ ఆ షరతును వ్రతంలా పాటించాడు. రివాల్వర్లో ఆరు తూటాలూ కాల్చగానే తూటాలుండే చక్రం తెరవాలి. ఖాళీ తొడుగుల్ని అరచేతిలోకి ఒంపుకోవాలి. ప్యాంటు జేబులో వేసుకోవాలి. జేబు ఒకసారి తట్టి చూసుకోవాలి. కొత్త తూటాలు ఎక్కించడం ఆ తర్వాతే. సాధన అయ్యాక హార్లన్ బకెట్ పట్టుకుని, పోయిన చెవిపోగు వెతికేవాడిలా వంగి గడ్డంతా చూసేవాడు. ఎవరి వెనక తొడుగు దొరికితే వాళ్ళు ఆ శనివారం సెల్మా గారి కొట్టంలో పేడ ఎత్తాలి. మా చీఫ్ కూడా ఒకసారి ఎత్తాడు.

నాకు ఆ తొడుగులు ఇంకోలా గుర్తు. జేబులోంచి తీయడం మర్చిపోయి బట్టలు విప్పేసేవాణ్ణి. బట్టలుతికే మెషీను కడుపులో అవి గలగలలాడేవి. నా భార్య మార్గిట్ మెషీను ఆపి, ఒక్కొక్కటే ఏరి, తుడిచి, వంటింటి కిటికీలో జామ్ సీసాలో వేసేది. "పోలీసాయన జేబు ఖాళీ చేసే పోలీసు నేను," అనేది. మార్గిట్ పోయి కొన్ని చలికాలాలైంది. సీసా అక్కడే ఉంది. పొద్దున ఎండ కిటికీలోకి వచ్చినప్పుడు కాసేపు బంగారంలా మెరుస్తుంది. ఒంటరిగా కాఫీ తాగే మనిషికి అది తక్కువేం కాదు.

పెట్రోలు కోసం బంకుల దగ్గర బారులు తీరిన ఆ ఏడాదే మా చీఫ్ మొదటిసారి ఒక ఆడపిల్లను గస్తీకి తీసుకున్నాడు. పేరు రోజెల్లా కుజావా. హార్లన్‌కు చెల్లెలి కూతురు. తండ్రి లేని పిల్ల, హార్లన్ చేతుల్లోనే పెరిగింది. ఇంట్లో మామయ్య, స్టేషన్లో సార్జెంట్ గారు. పొరపాటున స్టేషన్లో మామయ్యా అందంటే అందరూ తలలు దించుకుని కాగితాలు చూసుకునేవాళ్ళు, నవ్వు కనబడకుండా. కాల్పుల్లో ఆమె మా అందరికంటే మెరుగు. తొడుగులు జేబులో వెయ్యడంలో కూడా అంతే. ఒంపడం, వెయ్యడం, తట్టడం మూడూ ఒకే కదలికలా ఉండేవి. హార్లన్ కొత్తవాళ్ళను పిలిచి ఆమెను చూసి నేర్చుకోమనేవాడు. ఆమెను నా కారులో నాతో పాటు వేశారు. నేను టీచర్ల కాలేజీలో చదివి పోలీసునయ్యానని నన్ను స్టేషన్లో ప్రొఫెసర్ అంటారు. ఆమె దానికి ఒక 'గారు' చేర్చింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం, ఊరి బయట రోడ్డు మీద ఒక పెద్దావిడ కారు కొమ్ముల దుప్పిని గుద్దింది. మేం వెళ్ళేసరికి దుప్పి నడుం విరిగినట్టు గుంట పక్కన కొట్టుకుంటోంది. ఇలాంటివాటి బాధ తీర్చేయడం మా పనే. పెద్దావిడ వణుకుతోంది. ఒడిలో చర్చి భోజనానికి తీసుకెళ్తున్న బంగాళాదుంపల గిన్నె, మూత కూడా కదలకుండా భద్రంగా ఉంది. నేను ఆమె దగ్గరికెళ్ళాను. రోజెల్లా దుప్పి దగ్గరికెళ్ళింది.

నేల మీద మంచు జారుడు. దుప్పి ఒక చోట ఉండడం లేదు. రోజెల్లా కాల్చింది, మళ్ళీ కాల్చింది, ఆరూ అయిపోయాయి. అప్పుడు ఆ దుప్పి, నడుం విరిగిందనుకున్న దుప్పి, లేచి నిలబడింది. తల దించింది. నాకూ దానికీ మధ్య పెద్దావిడ కారు. నేను కాల్చే వీల్లేదు. రోజెల్లా దాని కళ్ళలోకే చూస్తోంది. చూస్తూనే చక్రం తెరిచింది, తొడుగులు అరచేతిలోకి ఒంపుకుంది, జేబులో వేసుకుంది, జేబు తట్టింది. దుప్పి వచ్చి భుజం మీద గుద్దింది. ఆమె గుంటలో పడింది. దుప్పి నాలుగు గంతులేసి పొలం అంచున కూలిపోయింది.

పరుగెత్తుకెళ్ళాను. గుంటలో వెల్లకిలా పడి, టోపీ నిండా మంచుతో, నవ్వుతోంది. భుజం కమిలింది, అంతే. స్టేషన్లో వారం రోజులు ఇదే వేడుక. ఎవరో ఆమె బల్ల మీద క్యారెట్లు పెట్టారు. ఇంకెవరో దుప్పి పేరున ఫిర్యాదు రాసి తెచ్చారు. అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది.

నాకు మాత్రం నవ్వు నోటి దాకా వచ్చి ఆగిపోయేది. దుప్పి గుద్దిన మర్నాడే కారులో కాఫీ తాగుతూ, నిన్న ఆరూ కాల్చాక ఖాళీ తొడుగులు ఏం చేశావని అడిగాను.

"పడేసుంటాను ప్రొఫెసర్ గారూ. అది మీదికొస్తుంటే ఎవరు చూస్తారు?"

"నిన్నటి ప్యాంటేనా ఇది?"

అవునంది. జేబులో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా తీసి అరచెయ్యి తెరిచింది. ఆరు తొడుగులూ ఉన్నాయి.

"నేనెప్పుడు వేసుకున్నాను?" అంది.

ఆ రోజంతా ఆమె ఇక జోకులు వెయ్యలేదు. దుప్పి దగ్గర తుపాకి లేకపోవడం ఎంత అదృష్టమో ఇద్దరికీ తెలిసింది.

నేను హార్లన్ దగ్గరికెళ్ళి జరిగింది చెప్పాను. భయం వేసినప్పుడు బుర్ర సెలవు పెడుతుందనీ, డ్యూటీ చేసేది చెయ్యేననీ, ఆ చేతికి మనం ఏది నేర్పితే అదే చేస్తుందనీ చెప్పాను. జేబులో వేసుకుని తట్టేంతసేపు ఎదుటివాడు ఆగడన్నాను. తొడుగుల్ని కింద పడనిద్దాం, సాధన అయ్యాక ఏరుకుందాం అన్నాను.

అతను రివాల్వర్ తుడుస్తున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా ప్రొఫెసర్, గడ్డిలో పడ్డవి అన్నీ దొరుకుతాయా? ఒక్కటి మిగిలితే చాలు, సెల్మా మనల్ని గేటు బయట పెడుతుంది. అప్పుడు ఎక్కడ కాలుస్తావు, మీ కాలేజీ లైబ్రరీలోనా?"

గడ్డి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పిల్ల సంగతి చూడమన్నాను. అది దుప్పి అన్నాడు. నిజంగా తుపాకి ఎదురుగా ఉంటే ఎవరికైనా చెయ్యాల్సింది తోస్తుందన్నాడు. తనకు తప్పకుండా తోస్తుందన్నాడు. హార్లన్ మొండివాడు గాని చెడ్డవాడు కాదు. అన్నేళ్ళుగా ఒక్క ఆవుకూ ఏమీ కాకుండా చూసుకున్న మనిషి. ఆ గడ్డి శుభ్రమే అతని పేరు. దాన్ని పట్టుకుని తప్పంటే ఎవరికి మాత్రం వెంటనే మింగుడుపడుతుంది?

వాదన అక్కడితో ఆపేశాను. మంచి మంచు పడే రోజు కోసం చూశాను.

డిసెంబరులో మెత్తటి, ముద్దకట్టే మంచు పడింది. స్టేషన్ వెనక పెరట్లో అందర్నీ పోగు చేశాను. మందు లేని ఉత్తుత్తి తూటాలు తెచ్చాను. ప్రతి రివాల్వర్‌నీ నేనే తెరిచి చూసి, హార్లన్ చేత కూడా చూపించాను. ఆట సులువు. ఒకరు ఉత్తుత్తిగా ఆరూ కాల్చి మళ్ళీ తూటాలు ఎక్కించాలి. కాల్చడం అయిపోయినప్పట్నించి చక్రం మళ్ళీ మూసే దాకా ఎదుటివాళ్ళు మంచు ముద్దలతో కొట్టొచ్చు. ముందు సార్జెంట్ గారే రావాలన్నాను, తప్పకుండా తోస్తుందన్నారు గనక. ఎదురుగా రోజెల్లా నిలబడింది. చేతి తొడుగులు సర్దుకుని, పక్కన ముద్దల గుట్ట పేర్చుకుంది.

హార్లన్ తన సత్తా చూపిస్తానన్నట్టు గడ్డం ఎత్తి మొదలుపెట్టాడు. ఆరూ అయ్యాయి. చక్రం తెరిచాడు. మొదటి ముద్ద టోపీకి తగిలింది. తొడుగులు ఒంపుకున్నాడు. రెండోది చెవి మీద. జేబులో వేసుకున్నాడు. మూడోది ఛాతీ మీద. జేబు తట్టుకున్నాడు. నాలుగోది సరిగ్గా ముక్కు మీద పడి, మీసమంతా తెల్లబడిపోయింది.

"మామయ్యా, నువ్వు పోయావు," అంది రోజెల్లా. "రెండుసార్లు పోయావు. మూడోసారి కూడా పోయావు, మర్యాదకి చెప్పట్లేదు."

పెరడంతా నవ్వు. హార్లన్ మీసం తుడుచుకుని, ఇంకోసారి అన్నాడు. ఈసారి తొడుగులు కింద పడేస్తానని అందరి ముందూ చెప్పి మరీ మొదలుపెట్టాడు. ఆరూ అయ్యాయి. మొదటి ముద్ద తగలగానే చెయ్యి జేబులోకి పోయింది. తన చేతిని, జేబులో సగం దిగి ఉన్న చేతిని, ఎవరిదో అన్నట్టు కిందికి చూశాడు. చీఫ్ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు.

"సరే. ఇప్పుడు దాని వంతు," అన్నాడు హార్లన్, మేనకోడల్ని చూపిస్తూ. "ముద్దలు నాకివ్వండి."

చోట్లు మారారు. రోజెల్లా ఆరూ కాల్చింది. హార్లన్ మొదటి ముద్ద విసిరాడు, భుజం మీద పడింది. దుప్పి గుద్దిన భుజమే. ఆమె అతన్నే చూస్తోంది, కళ్ళు తిప్పలేదు. తొడుగులు అరచేతిలోకి ఒంపుకుంది. రెండోది మెడ మీద పడింది. చెయ్యి జేబులోకి వెళ్ళింది. మూడోది హార్లన్ చేతిలోనే ఉండిపోయింది. చెయ్యెత్తి, విసరకుండా, అలాగే నిలబడ్డాడు. ఆమె జేబు తట్టుకుంది. ఆ చిన్న చప్పుడు పెరటి చివర దాకా వినిపించింది, ఎందుకంటే అప్పటికి ఎవరూ నవ్వడం లేదు.

ముద్ద హార్లన్ వేళ్ళ మధ్య పిండి పిండి అయి రాలిపోయింది.

"ఇది నేను నేర్పిందే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కారు తియ్యి. సెల్మా దగ్గరికి పోదాం," అన్నాడు.

సెల్మా గారు కొట్టంలో పాలు పితుకుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. హార్లన్ టోపీ చేత్తో పట్టుకుని విషయం అంతా చెప్పుకొచ్చాడు. తొడుగులు గడ్డిలో పడనివ్వాలనీ, ఆమె వద్దంటే అర్థం చేసుకుంటామనీ, కానీ ఈ పిల్ల సంగతి ఇలా ఉందనీ. అన్నేళ్ళ పరిచయంలో అతను ఆమె ముందు అంతసేపు మాట్లాడడం అదే మొదలనుకుంటాను. ఆవు కూడా మేత ఆపి వింది.

సెల్మా గారు బకెట్ పక్కన పెట్టి, గడ్డివాము మీద కప్పే పెద్ద టార్పాలిన్ వైపు చెయ్యి చూపించింది.

"దాన్ని కింద పరుచుకుని నిలబడండి. అయ్యాక నాలుగు మూలలూ పట్టుకుని దులుపుకోండి. ఇన్నేళ్ళూ కోళ్ళు గింజలేరినట్టు ఏరుకుంటుంటే మీకదే సరదా అనుకున్నాను."

హార్లన్ నన్ను చూశాడు. నేను ఆవును చూశాను. ఇద్దరికీ తోచని సంగతి ఆమెకు పాలు పితుకుతూ తోచింది. మేం బయల్దేరుతుంటే ఇద్దరికీ ఆపిల్ ముక్కలు నింపి కాల్చిన 'పై', దాని మీద చీజ్ ముక్క వేసి పెట్టింది. చలిలో కొట్టం గుమ్మం దగ్గర నిలబడి, చేతులతో తిన్నాం. మార్గిట్ పోయాక తిండి రుచి తెలిసిన మొదటి సందర్భాల్లో అదొకటి.

కొత్త సంవత్సరం నుంచి నియమం తిరగబడింది. ఆరూ అయ్యాక చక్రం తెరిచి, రివాల్వర్ మూతి పైకెత్తి, అరచేత్తో ఒక దెబ్బ కొట్టాలి, తొడుగులు టార్పాలిన్ మీద రాలిపోవాలి, చెయ్యి నేరుగా బెల్టులో కొత్త తూటాల దగ్గరికి పోవాలి. సాధన అయ్యాక హార్లన్ ఇప్పుడు గడ్డి కాదు, జేబులు వెతుకుతాడు. ఎవరి జేబులో తొడుగు దొరికితే వాళ్ళకు పేడ. మొదటి శనివారం పార పట్టింది హార్లనే. రెండో శనివారం కూడా హార్లనే. మూడోసారి రోజెల్లా తోడు వెళ్ళింది, తన జేబులోనూ దొరికింది గనక. పాత అలవాటు అంత తేలిగ్గా వదల్లేదు. మేనమామా మేనకోడలూ పేడ ఎత్తుతూ ఒకరినొకరు దెప్పుకునే మాటలు రోడ్డు దాకా వినిపించేవని సెల్మా గారు చెప్పింది. రేడియో పెట్టుకోవడం మానేశానంది.

ప్రతి పొద్దునా గస్తీకి ముందు పెరట్లో రోజెల్లా తూటాలు మార్చడం సాధన చేస్తుంటే నేను ఆమె మీద ఏదో ఒకటి విసిరేవాణ్ణి. మంచు ఉన్నన్నాళ్ళు మంచు, కరిగాక చుట్టిన మేజోళ్ళు. మార్గిట్ అల్లిన మేజోళ్ళు. వేసుకోబుద్ధి కాక, పారెయ్యబుద్ధి కాక దాచుకున్నవి. వాటికీ ఒక పని దొరికింది.

ఏప్రిల్లో, పాలకేంద్రం దగ్గర.

పక్క జిల్లాలో దొంగిలించిన ట్రక్కు ఒకటి మా పాలకేంద్రం పెరట్లో పెట్రోలు అయిపోయి ఆగిందని కబురొచ్చింది. పట్టపగలు. వెళ్ళేసరికి దాన్ని తెచ్చినవాడు ఇంకో బండి కోసం వెతుకుతున్నాడు. మమ్మల్ని చూడగానే పాల క్యాన్ల వరస వెనక్కి దూరి కాల్పులు మొదలుపెట్టాడు. రోజెల్లా మా కారు ముందుభాగం వెనక నక్కింది. లోపలి పనివాళ్ళు చప్పుడు విని బయటికొస్తున్నారు. నేను వెనక తలుపు దగ్గరికి పరుగెత్తి, వాళ్ళను లోపలికి తోసి, తలుపేసి, అటు నుంచి చుట్టి వచ్చాను. అప్పటికి క్యాన్లకు చిల్లులు పడి పాలు పెరట్లో కాలవ కడుతున్నాయి.

మూల తిరిగేసరికి చప్పుడు ఆగిపోయింది. రోజెల్లావి ఆరూ అయిపోయాయి. ఆ సంగతి వాడికీ తెలిసింది. క్యాన్ల వెనక నుంచి లేచాడు, పిస్తోలు ముందుకు చాపి, కారు వైపు నడిచాడు. వాడికి అవతల పాలకేంద్రం కిటికీలు, కిటికీల్లో మొహాలు. నేను కాల్చలేను. అరిచాను, వాడు వినలేదు.

నాకు రోజెల్లా ఒక పక్క నుంచి కనిపిస్తోంది. చక్రం తెరిచింది. ఆమె మోచెయ్యి జేబు వైపు కొద్దిగా కదిలింది. ఎంతో కాదు, చొక్కా ముడత మారేంత. తర్వాత అరచేత్తో దెబ్బ కొట్టింది. తొడుగులు సిమెంటు మీద పడి మోగాయి. చెయ్యి బెల్టుకు పోయింది. చక్రం మూసుకుంది. వాడు కారు బానెట్ చుట్టి రాబోతూ, తన మొహంలోకే చూస్తున్న తుపాకి గొట్టం చూసి ఆగిపోయాడు.

"నీకు అయిపోయాయి కదా," అన్నాడు, మోసపోయినవాడిలా.

"అయిపోయాయి. మళ్ళీ వచ్చాయి. అది కింద పెట్టి కూర్చో," అంది రోజెల్లా.

పెట్టాడు. పాలలోనే కూర్చున్నాడు. నేను సంకెళ్ళు వేస్తుంటే ప్యాంటు తడిసిందని సణిగాడు. ఎవరికీ గీత కూడా పడలేదు, క్యాన్లకు తప్ప. పాలకేంద్రం పిల్లి మాత్రం ఎక్కణ్ణించో వచ్చి, మా ఎవరినీ పట్టించుకోకుండా, కాలవ పక్కన కూర్చుని పని మొదలుపెట్టింది.

హార్లన్ కారు పెరట్లోకి వచ్చి ఆగకముందే తలుపు తెరుచుకుంది. దిగి, నేరుగా రోజెల్లా దగ్గరికి నడిచాడు. దెబ్బ తగిలిందా అని అడగలేదు. వంగి, ఆమె ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు, మిఠాయి దొంగిలించిన పిల్లను సోదా చేసినట్టు. ఒక తలపిన్ను తీశాడు. నలిగిన చూయింగ్ గమ్ కాగితం తీశాడు. రెండో జేబు చూశాడు. రుమాలు. మళ్ళీ మొదటి జేబు చూశాడు.

"ఏమీ లేవు," అన్నాడు.

"చూస్తున్నారందరూ, సార్జెంట్ గారూ," అంది ఆమె. గొంతు అప్పుడు వణికింది, అంతకుముందు కాదు.

"చూడనీ," అన్నాడు. రుమాలు ఆమెకిచ్చాడు, తర్వాత తనకే కావాల్సొచ్చి మళ్ళీ తీసుకున్నాడు.

జిల్లా నుంచి డిటెక్టివులు వచ్చి కొలతలు తీసుకునే దాకా అక్కడి వస్తువేదీ కదపకూడదు. వాళ్ళు వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ తొడుగులకు కాపలా ఎవరుంటారని, కాసేపటికి వచ్చిన చీఫ్ అడిగితే, హార్లన్ ఎవరూ నోరు తెరవకముందే కారు పక్కన వాటి దగ్గర కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. నేల మీద ఇత్తడి కనిపిస్తే అన్నేళ్ళుగా నిమిషం ఆగని మనిషి. పాలు అటు పారబోతే బూటుతో గట్టు కట్టాడు. పిల్లి వచ్చి ఒకదాన్ని వాసన చూస్తే, మెల్లగా, మర్యాదగా పక్కకు జరిపాడు.

ఒక ట్రక్కు డ్రైవరు పెరడు కడగడానికి చీపురు పట్టుకొచ్చి, ఆ చెత్త ఎత్తెయ్యనా అని అడిగాడు.

"ముట్టుకోకు," అన్నాడు హార్లన్. "ఎక్కడ పడ్డాయో అక్కడే ఉండనీ."

రోజెల్లా మా కారు తలుపు తెరిచి సీటు అంచున కూర్చుని, ఎవరో ఇచ్చిన చల్లటి పాలు తాగుతూ అతన్ని చూసి నవ్వుతోంది. ఎండ బాగా కాస్తోంది. సిమెంటు మీద ఆ ఆరూ మా వంటింటి సీసాలో వాటిలాగే మెరుస్తున్నాయి.